ఆ పాత కారు ఇంకా కొత్తగా ఎందుకుంది?

టీవీ హారర్ కథలో ఒక పాత కారు రోడ్డు మీద కనబడగానే చూసేవాళ్ళందరికీ వచ్చే ప్రశ్న ఒకటే, దాన్ని నడిపేది ఎవరు అని. లోపల మనిషి ఉన్నాడా లేడా, ఉంటే బతికున్నవాడేనా, లేక బండే తనంతట తాను కదులుతోందా అని కళ్ళు చిట్లించుకుని అద్దంలోంచి చూస్తాం. ఆ ప్రశ్న మనల్ని దారి తప్పిస్తుందని నా గట్టి నమ్మకం. అడగాల్సింది వేరే ఉంది. ఎనభై ఏళ్ళ నాటి బండి నిన్నగాక మొన్న షోరూమ్‌లోంచి బయటికి వచ్చినట్టు ఎందుకు మెరుస్తోంది? దాన్ని అలా ఉంచడానికి అయ్యే ఖర్చు ఎవరి దగ్గర్నుంచి వస్తోంది?

ఇలా ఆలోచించడం నాకు ఒక సిరీస్ వల్ల అలవాటైంది. 2019 జూన్‌లో అమెరికాలో ఏఎంసీ ఛానల్‌లో మొదలై 2020 ఆగస్టులో ముగిసింది. రెండు సీజన్లు, మొత్తం 20 ఎపిసోడ్లు. దాని పేరే ఒక కారు నంబర్ ప్లేటు, ఎన్‌ఓఎస్4ఏ2. పైకి చదివితే ‘నోస్‌ఫెరాటు’ అని వినిపిస్తుంది, 1922 నాటి జర్మన్ మూకీ రక్తపిశాచి సినిమా పేరు. జో హిల్ 2013లో రాసిన నవల దీనికి ఆధారం. సిరీస్ ఇంకా చూడనివాళ్ళు ఉంటే ముందే చెప్తున్నా, కింద కథ చాలావరకు బయటపడుతుంది.

కథ టూకీగా ఇది. చార్లీ మాంక్స్ అనే ముసలివాడు 1938 నాటి నల్లటి రోల్స్ రాయిస్ రెయిత్‌లో తిరుగుతూ పిల్లల్ని ఎత్తుకుపోతుంటాడు. వాళ్ళను తీసుకెళ్ళేది క్రిస్మస్‌ల్యాండ్ అనే చోటుకి. అక్కడ రోజూ క్రిస్మస్సే, ఏడుపు ఉండదు, తిట్టే అమ్మానాన్నలు ఉండరు. వెనక సీటులో కూర్చున్న పిల్లవాడి ప్రాణం దారి పొడవునా కొంచెం కొంచెంగా కరిగిపోతుంటుంది, ముందు కూర్చున్న మాంక్స్ ముఖం మీద ముడతలు కొంచెం కొంచెంగా పోతుంటాయి. చివరికి పిల్లవాడికి పాలపళ్ళు ఊడి కొక్కేల్లాంటి పళ్ళు వస్తాయి, మాంక్స్ నిగనిగలాడే మగవాడవుతాడు. అతన్ని ఎదిరించేది విక్ మెక్వీన్, మసాచుసెట్స్‌లోని హేవర్‌హిల్ అనే ఊళ్ళో కష్టం చేసుకు బతికే ఇంట్లో పుట్టిన అమ్మాయి. మోటార్‌సైకిల్ మీద వేగంగా వెళ్తే ఎప్పుడో కూలిపోయిన ఒక చెక్క వంతెన ఆమె కోసం మళ్ళీ లేస్తుంది, పోయినవాటి దగ్గరికి ఆమెను చేరుస్తుంది.

మాంక్స్‌గా జాకరీ క్వింటో బాగా చేశాడు, అందులో అనుమానం లేదు. కానీ ఈ సిరీస్ గురించి జరిగిన చర్చలో సగం ఆయన మేకప్ చుట్టూనే తిరిగింది, మూతి ముడుచుకుపోయిన ముసలి ముఖం ఎలా చేశారు, ఎన్ని వయసులు చూపించారు అని. కారును అందరూ విలన్ వాహనం అన్నారు. నాకు మాత్రం కథ అటునుంచి ఇటు కనిపిస్తుంది. ఆ కారుకి ఒక డ్రైవర్ కావాలి, ఆ డ్రైవర్ మాంక్స్. కారు దెబ్బతింటే అతను కుంగిపోతాడు, కారు ఆగిపోతే అతను ఆసుపత్రి మంచం మీద ఎముకల గూడులా పడి ఉంటాడు. మనిషికీ బండికీ మధ్య ఉన్న ఈ లంకెలో పైచెయ్యి బండిదే.

ఎందుకు రెయిత్ అన్నది కూడా చిన్న విషయం కాదు. రోల్స్ రాయిస్ ఈ మోడల్‌ని ఇంగ్లండ్‌లోని డెర్బీ ఫ్యాక్టరీలో 1938, 1939 సంవత్సరాల్లో మాత్రమే తయారుచేసింది. తయారైనవి 500 కంటే తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పడటంతో కార్ల తయారీ ఆగిపోయింది, కంపెనీ విమానాల ఇంజన్ల పనిలో మునిగిపోయింది. ఆరు సిలిండర్ల, 4.25 లీటర్ల ఇంజను. అప్పటి పద్ధతి ప్రకారం కంపెనీ ఇచ్చేది ఛాసిస్, ఇంజను, ముందు గ్రిల్లు వరకే. పైన కనిపించే బాడీని కొన్నవాళ్ళు తమకు నచ్చిన కోచ్‌బిల్డర్ దగ్గర కట్టించుకునేవాళ్ళు. చెక్కతో అస్థిపంజరంలాంటి ఫ్రేము కట్టి, దాని మీద లోహపు రేకు చేత్తో వంచి తొడిగేవాళ్ళు.

పాత కార్లతో కొంచెమైనా పరిచయం ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగి ఆలోచిస్తారు. లోపల చెక్క ఉన్న బండికి చెమ్మ తగిలితే ఆ చెక్క కుళ్ళుతుంది, బయటి పెయింటు బాగానే కనబడుతుంటుంది గానీ తలుపు వేలాడటం మొదలవుతుంది. ఆనాటి వైర్ల మీద రబ్బరు, గుడ్డ తొడుగు ఉండేది, అది ఎండి పెళుసై రాలిపోతుంది. రబ్బరు గొట్టాలు పగుళ్ళిస్తాయి. గాస్కెట్లు ఎండిపోయి ఆయిలు కారుతుంది. సీటు తోలుకు ఎప్పటికప్పుడు పోషణ చెయ్యకపోతే బీటలు వారుతుంది. నెలల తరబడి కదల్చకుండా ఉంచితే ట్యాంకులో పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటర్‌ను మూసేస్తుంది, బ్యాటరీ చచ్చిపోతుంది, బండి బరువంతా ఒకే చోట పడి టైర్లు ఒక పక్క చదునుగా అయిపోతాయి. ఎలుకలు చేరి వైర్లు కొరికేస్తాయి. ఐదు వందలైనా తయారుకాని మోడల్‌కి స్పేర్ పార్టు కావాలంటే, ఇంకో బండి నుంచి విప్పుకోవాలి, లేదా ఎవరో లేతు మిషను మీద ప్రత్యేకంగా చేసివ్వాలి. ఇంత చేస్తేగాని ఒక్క పాత కారు ఒక్క ఏడాది రోడ్డెక్కదు.

మాంక్స్ కారులో ఇవేవీ లేవు. మంచులో, అడవి దారుల్లో, ఈ లోకానికీ ఇంకో లోకానికీ మధ్య దశాబ్దాలుగా తిరుగుతోంది, అయినా గ్రిల్లు తళతళలాడుతుంది, సీట్ల మీద ఒక్క మడత కనబడదు. మామూలు మెకానిక్కి ఆ బండి చూపిస్తే అతని నోటెంట వచ్చే మొదటి మాట ‘అసాధ్యం’ అనే. కాలం ఎవరినీ వదిలిపెట్టదు, ఇనుమునైనా మనిషినైనా. ఒక వస్తువు ముసలిదవడం మానేసిందంటే దాని వంతు ముసలితనం వేరే ఎవరో మోస్తున్నారని అర్థం. ఈ కథలో మోస్తున్నది ఎనిమిదేళ్ళ, పదేళ్ళ పిల్లలు. ఈ సిరీస్‌లో నన్ను నిజంగా భయపెట్టింది ఆ లెక్క. పళ్ళు, మంచు, గ్యాస్ మాస్కు పెట్టుకున్న మాంక్స్ సహాయకుడు బింగ్ పార్ట్‌రిడ్జ్, ఇవన్నీ దాని తర్వాతే.

వెనక సీటు సంగతి ఇంకా దారుణం. 1930ల నాటి ఇలాంటి పెద్ద కార్లను చాలావరకు యజమానులు స్వయంగా నడిపేవాళ్ళు కాదు. ముందు షోఫర్, వెనక యజమాని, కొన్నింట్లో ఇద్దరి మధ్య గాజు తెర కూడా ఉండేది. మెత్తటి సీటు, కాళ్ళు బార్లా చాపుకునేంత జాగా, అన్నీ వెనకే. కారు మొత్తం వెనక కూర్చున్నవాడి సుఖం కోసం గీసిన బొమ్మ. మాంక్స్ పిల్లవాణ్ణి సరిగ్గా అక్కడ కూర్చోబెడతాడు. ఇంట్లో ఎవరూ పట్టించుకోని పిల్లవాడు, అమ్మానాన్నల గొడవల మధ్య నలిగిపోయిన పిల్లవాడు, జీవితంలో మొదటిసారి యజమాని సీటులో కూర్చుంటాడు, పక్కన బహుమతులు ఉంటాయి, రేడియోలో క్రిస్మస్ పాటలు వస్తుంటాయి, ముందు కూర్చున్న పెద్దమనిషి మర్యాదగా మాట్లాడుతుంటాడు, నువ్వు చాలా మంచివాడివి, నిన్ను వాళ్ళు సరిగ్గా చూసుకోలేదు అంటాడు. ఆ బండిలో వెనక సీటు ఇంధనం పోసే చోటని వాడికి ఎలా తెలుస్తుంది?

నిశ్శబ్దం గురించి కూడా చెప్పాలి. రోల్స్ రాయిస్ తన కార్లకు దయ్యాల పేర్లు (రెయిత్ అన్నా దయ్యమే) పెట్టుకోవడం 1907లో వెండి రంగు పూసిన ఒక కారుతో మొదలైంది, అది అంత చప్పుడు లేకుండా నడిచేది. ఇంజను ఆన్‌లో ఉందో లేదో తెలియకపోవడం వాళ్ళకు గొప్ప. ఆ గొప్పతనాన్నే హారర్ కథ తిప్పి వాడుకుంది. గొడ్డలి పట్టుకుని వచ్చేవాడి అడుగుల చప్పుడైనా మనకు వినిపిస్తుంది. పక్కకే వచ్చి ఆగిన కారు వినిపించకపోతే పిల్లవాడు ఎటు పరిగెత్తాలి? సిరీస్‌లో ఆ కారు ఊరి వీధి మలుపులో మెల్లగా, తొందరేం లేనట్టు కదులుతున్న షాట్లు ఛేజింగ్ సీన్ల కంటే నూరు రెట్లు బాగుంటాయి. వేటాడే జంతువు పరిగెత్తకముందే ఎక్కువ భయపెడుతుంది.

ఇదంతా పాత కథే కదా, దయ్యం పట్టిన కార్లు టీవీలో ఎప్పటినుంచో ఉన్నాయి కదా అని ఎవరైనా అనొచ్చు. ఉన్నాయి. అయితే వాటి కోపం వేరు, ఆ తేడా గమనించకపోతే ఈ కారు ప్రత్యేకత అర్థం కాదు.

1960 అక్టోబరులో ‘ది ట్విలైట్ జోన్’లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఫించ్లీ అనే గర్విష్ఠి ఉంటాడు. మనుషుల్ని చులకన చేస్తాడు, ఇంట్లో మిషన్లను తంతాడు. అవన్నీ ఒక రాత్రి అతని మీద తిరగబడతాయి. టైపురైటర్ దానంతటదే వెళ్ళిపొమ్మని టైపు చేస్తుంది, ఎలక్ట్రిక్ రేజర్ పాములా మెట్లు దిగుతుంది. చివరికి అతని లగోండా కారు వెంటాడి ఈతకొలనులోకి తోసేస్తుంది. అదే సిరీస్‌లో 1964 జనవరిలో ఇంకో ఎపిసోడ్. ఒకాయన సైకిల్ మీద పేపర్లు వేసే కుర్రవాణ్ణి కారుతో గుద్ది పారిపోతాడు, నేరం ఇంకొకరి మీద పడుతుంటే నోరు మెదపడు. అతని ఫోర్డు కారు ఊరుకోదు. అర్ధరాత్రి హారన్ కొడుతుంది, లైట్లు వెలిగిస్తుంది, రిపేరుకి పంపితే తనే ఇంటికి తిరిగొస్తుంది. ఆఖరికి అతన్ని తరిమి తరిమి కింద పడేసి, తొక్కకుండా ఆగి, తలుపు తెరుస్తుంది. ఎక్కగానే పోలీసు స్టేషన్‌కి తీసుకెళ్తుంది. నాకు చాలా ఇష్టమైన ఎపిసోడ్ అది. అయితే చూడండి, ఈ రెండు కార్లూ న్యాయం చేస్తున్నాయి. ఒకటి పగ తీర్చుకుంది, ఇంకోటి మనస్సాక్షి పని చేసింది. తప్పు చెయ్యనివాడు ఆ కార్లకు భయపడక్కర్లేదు.

1971లో ఏబీసీ ఛానల్ కోసం స్పీల్‌బర్గ్ తీసిన టీవీ సినిమా ‘డ్యూయల్’లో ఆ భరోసా కూడా పోయింది. తుప్పు పట్టిన పీటర్‌బిల్ట్ ట్యాంకర్ ట్రక్కు ఒక మామూలు సేల్స్‌మన్‌ను ఏ కారణమూ లేకుండా ఎడారి రోడ్ల వెంట తరుముతుంది. డ్రైవర్ ముఖం చివరిదాకా చూపించరు. గొప్ప సినిమా, మళ్ళీ మళ్ళీ చూస్తాను. కానీ ఆ ట్రక్కు భయం కంటికి తెలిసిపోతుంది. మురికి, పొగ, మోత, చూడగానే పక్కకి తప్పుకోవాలనిపించే బండి. మాంక్స్ కారును చూస్తే దగ్గరికెళ్ళి చేత్తో తడమాలనిపిస్తుంది. అందమైనది చెడు చెయ్యదని మనలో ఒక మూల ఉండే నమ్మకాన్ని ఈ కారు పట్టుకుంటుంది, పిల్లల్లో ఆ నమ్మకం మరీ ఎక్కువ.

తనను తాను బాగుచేసుకునే కారు సినిమాల్లో ముందే ఉంది. జో హిల్ తండ్రి స్టీఫెన్ కింగ్ 1983లో రాసిన ‘క్రిస్టీన్’ నవలను అదే ఏడాది జాన్ కార్పెంటర్ సినిమాగా తీశాడు. అందులో 1958 నాటి ఎర్ర ప్లిమత్ ఫ్యూరీ నుజ్జునుజ్జయ్యాక కళ్ళముందే సొట్టలు పోగొట్టుకుని నిలబడుతుంది. ఆ సీన్ కోసం హైడ్రాలిక్ పంపులతో రేకుల్ని లోపలికి లాగి, ఆ ఫిల్మును వెనక్కి తిప్పి చూపించారు. అద్భుతంగా ఉంటుంది. అయితే క్రిస్టీన్ కథ అసూయ కథ, తన యజమానిని ఇంకెవరికీ ఇవ్వని ప్రేయసి కథ. సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు కొడుకు రాసిన కారు ప్రేమ కోసం తిరగదు. అది తిండి కోసం తిరుగుతుంది. నన్నడిగితే కొడుకు ఊహే ఇంకా చల్లగా, ఇంకా నిజంగా ఉంది.

నా వాదనకు అసలైన బలం మాత్రం ఏ దయ్యపు కారూ ఇవ్వలేదు. ‘సూపర్‌నాచురల్’ సిరీస్‌లో విన్‌చెస్టర్ అన్నదమ్ములు డీన్, సామ్ నడిపే 1967 నాటి నల్లటి షెవర్లే ఇంపాలా ఇచ్చింది. 2005 నుంచి 2020 దాకా 15 సీజన్లు నడిచిన ఆ సిరీస్ కూడా హారరే, ఆ కారూ పాతదే, నల్లదే, డిక్కీ నిండా ఆయుధాలే. సిరీస్ సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ మొదట మస్టాంగ్ అనుకుంటే, డిక్కీలో శవం పట్టే కారు కావాలంటే ఇంపాలా తీసుకో అని పక్కింటాయన సలహా ఇచ్చాడట. ఇంత భయంకరమైన పుట్టుక ఉన్న కారు ఆ అన్నదమ్ములకు ఇల్లయింది, చూసేవాళ్ళకు కూడా. ఎందుకు?

మొదటి సీజన్ ఆఖర్లో ఒక పెద్ద ట్రక్కు దాన్ని గుద్ది తుక్కు చేస్తుంది. రెండో సీజన్‌లో డీన్ దాన్ని ఒక్కో ముక్కా పేర్చుకుంటూ మళ్ళీ కడతాడు. తండ్రి పోయిన దుఃఖం తట్టుకోలేక అదే కారు డిక్కీని ఇనుప కడ్డీతో బాదేస్తాడు కూడా. అంటే ఆ కారు పగులుతుంది, సొట్టపోతుంది, దాని తలుపు తీస్తే కిర్రుమంటుంది, ఇంజను వీధి చివర నుంచే వినిపిస్తుంది. దాన్ని నిలబెట్టేది గ్రీజు అంటిన ఒక మనిషి చేతులు. ఐదో సీజన్ చివరి ఎపిసోడ్‌లో, 2010లో, ఆ కారు జీవిత కథ చెప్తారు. చిన్నప్పుడు సామ్ ఆష్‌ట్రేలో ఇరికించిన బొమ్మ సైనికుడు ఇంకా అక్కడే ఉంటాడు, డీన్ ఏసీ గొట్టాల్లో తోసేసిన లెగో ముక్కలు హీటర్ వేస్తే ఇప్పటికీ గలగలమంటాయి, ఇద్దరూ చెక్కిన పొడి అక్షరాలు కూడా ఉంటాయి. సైతాను లూసిఫర్ సామ్ శరీరంలో కూర్చుని డీన్‌ను చంపబోతున్నప్పుడు ఆ ఆష్‌ట్రేలోని బొమ్మ కంటపడి సామ్‌కు తానెవరో గుర్తొస్తుంది. ఆ ఒక్క ప్లాస్టిక్ బొమ్మ ప్రపంచాన్ని కాపాడుతుంది. దీన్ని చాదస్తం అనేవాళ్ళతో నేను చాలాసార్లు గొడవపడ్డాను, ఇంకా పడతాను. టీవీలో ఒక వస్తువు మీద ఐదేళ్ళు పేరుకున్న ప్రేమను ఇంత తెలివిగా కథకు వాడుకున్న సందర్భం నాకు ఇంకోటి తెలియదు.

ఇప్పుడు మళ్ళీ మాంక్స్ కారు వెనక సీటు చూడండి. ఎంతమంది పిల్లలు కూర్చున్నారో ఆ సీటులో! ఒక్కడి గీత లేదు, బొమ్మ లేదు, చిందిన రసం మరక లేదు. ఇంపాలా పిల్లల గుర్తులు దాచుకుంది, రెయిత్ పిల్లల్ని తిని మూతి తుడుచుకుంది. మొత్తం సిరీస్‌లో పిల్లవాడు కూర్చుని లేచిన సీటు అంత శుభ్రంగా ఉండటం కంటే పెద్ద నేరసాక్ష్యం లేదు.

ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న నేను బయటి నుంచి తెచ్చి అతికించింది కూడా కాదు, ఆ కథలోనే ఉంది. విక్ వంతెన దాటిన ప్రతిసారీ ఆమె కన్ను మండుతుంది, నెత్తురు కమ్ముతుంది, ఒళ్ళు కాగిపోతుంది. విక్‌లాగే శక్తి ఉన్న మ్యాగీ లీ అక్షరాల బిళ్ళలు సంచిలోంచి తీసి భవిష్యత్తు చదువుతుంది, దానికీ ఆమె శరీరమే మూల్యం చెల్లిస్తుంది. ఈ శక్తి ఉన్నవాళ్ళందరికీ నియమం ఒకటే, వాడుకున్నదానికి వెల కట్టాలి. మాంక్స్‌కూ శక్తి ఉంది. అతను ఒక్కడే ఆ బిల్లు పక్కవాడి పేరు మీద రాయించే దారి కనిపెట్టాడు. ఆ దారికి నాలుగు చక్రాలున్నాయి. అతని సొంత కూతురు మిల్లీ కూడా ఆ కారు నుంచి తప్పించుకోలేదంటే, అందులో ప్రేమకు ఎంత చోటుందో ఆలోచించండి.

అందుకే మాంక్స్ పాత రోజుల గురించి మాట్లాడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటి తల్లులు మంచివాళ్ళు కాదు, ఇప్పటి ఇళ్ళు ఇళ్ళు కావు, పిల్లల్ని నేను కాపాడుతున్నాను, ఇదీ అతని ధోరణి. అతని కారు ఆ మాటలకు సాక్ష్యంలా నిలబడుతుంది, చూడండి అప్పట్లో వస్తువులు ఎంత బాగా చేసేవాళ్ళో అన్నట్టు. కానీ 1938 అంటే ఏమిటి? ఆర్థిక మాంద్యం అమెరికాను ఇంకా వదల్లేదు, లక్షలమందికి పని లేదు, ఐరోపాలో యుద్ధం ముంచుకొస్తోంది. ఆ ఏడాది రెయిత్ వెనక సీటులో కూర్చోగలిగినవాళ్ళు ఏ దేశంలోనైనా వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. కొద్దిమంది సుఖాన్ని అందరి జ్ఞాపకంగా అమ్మడం మాంక్స్ చేసే మొదటి మోసం, పిల్లల్ని ఎత్తుకుపోవడం రెండోది. మొదటిది నమ్మితేనే రెండోది జరుగుతుంది. పాత వస్తువుల మీద ఇష్టం తప్పని నేను అనడం లేదు. నాకూ ఆ గుండ్రటి మడ్‌గార్డులు, పొడుగాటి బానెట్లు చూస్తే కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు. కానీ పాత వస్తువును ఇష్టపడేవాడు దాని పాతదనాన్ని కూడా ఇష్టపడాలి, గీతలు, రంగు వెలవడం, మొండికేసే గేరు, అన్నీ కలిపి. పాతదే కావాలి గానీ పాతబడకూడదు అనేవాడి దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

నవలలో ఈ విషయం మీద ఒక భయంకరమైన మలుపు ఉంది. కార్లంటే ప్రాణమైన ఒక మామూలు మనిషి, ఏ పాపం ఎరగనివాడు, ఆ రెయిత్‌ను కొనుక్కుని ఓపిగ్గా బాగుచేస్తాడు. అతని చేతి కష్టంతో ఇంజను మళ్ళీ ప్రాణం పోసుకుంటే, ఎక్కడో చచ్చి పడున్న మాంక్స్ లేస్తాడు. ప్రేమగా చేసే రిపేరు, డీన్ చేసినలాంటి పనే, ఇక్కడ రాక్షసుడికి ఉపయోగపడింది. నా వాదనకు ఇది అడ్డం వస్తుందని మొదట్లో అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు. ఆ మనిషి చెమట కూడా ఆ కారు ఖాతాలో ఉచితంగా పడిపోయింది, పిల్లల ప్రాణాల్లాగే. తనకోసం పనిచేసినవాడికి ఆ కారు ఏమీ తిరిగివ్వదు. మంచి కారు కనీసం గమ్యం చేరుస్తుంది.

సిరీస్ మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. రెండో సీజన్‌లో, ఎనిమిదేళ్ళ తర్వాత కథ మళ్ళీ మొదలయ్యాక, మాంక్స్ గతం, అతని పాత పగలు, అతనికి సాయం వచ్చే ఇతర శక్తిమంతులు, ఇలా మనుషులు ఎక్కువై కారు పక్కకి జరిగింది. మాంక్స్ ఎందుకిలా అయ్యాడో వివరించేకొద్దీ అతను చిన్నవాడయ్యాడు. కారుకు వివరణ అక్కర్లేదు, అందుకే అది చిన్నదవలేదు. అది తెర మీద ఉన్న ప్రతి నిమిషం సిరీస్ బతికింది, లేని నిమిషాలు మామూలు కుటుంబ నాటకంలా సాగాయి. వాళ్ళ నాన్న చేసిన తప్పులే విక్ మళ్ళీ చెయ్యడం, తాగుడు, అపరాధభావం, అవన్నీ బాగానే రాశారు, విక్‌గా ఆష్లీ కమ్మింగ్స్ మనసు పెట్టి నటించింది కూడా. కానీ నెమ్మదిగా ఉందని విసుక్కున్నవాళ్ళను నేను తప్పుపట్టను, హారర్ సిరీస్‌లో భయానికి కేంద్రమైనదాన్ని షెడ్డులో పెట్టేస్తే ఎవరికైనా విసుగొస్తుంది.

ఇందులో పోగొట్టుకున్న అవకాశం ఒకటి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. విక్ తోడు లూ కార్మొడీ బళ్ళు బాగుచేసి బతికేవాడు. భారీ మనిషి, మెత్తటి మనసు, కొడుకు వేన్ అంటే ప్రాణం. మాంక్స్ చివరికి కన్నేసింది ఆ వేన్ మీదే. అంటే పిల్లవాణ్ణి మింగబోతున్న యంత్రం ఒక వైపు, యంత్రాలు విప్పడం తప్ప వేరే పని తెలియని తండ్రి ఇంకో వైపు. ఇంతకంటే ఏం కావాలి? ఏ బోల్టు ఎటు తిరుగుతుందో, ఏ గొట్టం ఎక్కడికి వెళ్తుందో తెలిసినవాడు ఆ కారుకు ఎదురుపడితే, ఆయిలు ఉండాల్సిన చోట అతనికి ఏం కనిపిస్తుంది, పెట్రోలు ట్యాంకులో ఏముంటుంది, అరగని బ్రేకు షూలు చూసి అతనికి ఏం అర్థమవుతుంది? లూను ఆ బానెట్ ముందు స్పానర్‌తో ఒక ఎపిసోడ్ మొత్తం నిలబెట్టి ఉంటే నేను మిగతా సీజన్‌లో సగం వదులుకునేవాణ్ణి. ఇలాంటి కథ ఎవరైనా మళ్ళీ తీస్తే, దయచేసి పరుగులు, వంతెనలు, పోలీసులు తర్వాత పెట్టుకోండి. ముందు ఒక మెకానిక్‌ని పిలిచి ఆ కారు విప్పించండి.